అరుపుల హోటలు

తలుపు దగ్గరి టేబులే కావాలన్నాను. తలకి నల్లగుడ్డ కట్టుకున్నావిడ, ఈ హోటల్లో తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టేది ఆవిడే, లోపల మూల టేబులు బాగుంటుంది మేడం, ఇక్కడ వచ్చేపోయేవాళ్ళ రొద, బాబు పడుకోలేడు అంది. రొద కోసమే వచ్చానని ఎలా చెప్పను. పర్లేదండీ, ఇక్కడే, అని ఊరుకున్నాను. ఎత్తు కుర్చీ తెచ్చిపెట్టింది. గుండుగాణ్ణి అందులో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, ఆవిడ అటు తిరిగాక కుర్చీని మెల్లగా జరిపాను, వాడి వీపు తలుపుకి, మొహం నాకు. ఆవిడ మళ్ళీ ఇటు తిరిగింది, చూసింది. వాకిలి వైపు తిప్పితే పిల్లాడికి కాలక్షేపం కదా, ఈ తల్లేంటి ఇలా తిప్పింది అనుకునే ఉంటుంది. అనుకోనీ. తలుపు తెరుచుకుంటే వెలుగు పడుతుంది, గాలొస్తుంది, వెలుగుకీ గాలికీ వాడు తిరుగుతాడు, తిరిగితే నేను మళ్ళీ మోసపోతాను. ఇవాళ మోసపోకూడదు. ఇవాళ తేలిపోవాలి. 

ఈ హోటల్లో ఎవరు తలుపు తోసుకుని వచ్చినా పనిచేసేవాళ్ళందరూ ఒక్క గొంతుతో అరుస్తారు. ఇరాషైమాసే అని. రండి రండి అని అర్థమట, జపాను వాళ్ళ పద్ధతట. జపాను హోటలంటే ఇందులో జపాను వాళ్ళెవరూ లేరు, ఇలాంటివి ఎక్కడ చూసినా ఉన్నాయి, అవే ఎర్ర లాంతర్లు, అవే చెక్క బల్లలు, అదే అరుపు. మా పెళ్ళిరోజున ఆయన తీసుకొచ్చారు మొదటిసారి. ఆయన లిఫ్టు మెకానిక్కు, ఈ బిల్డింగు లిఫ్టులు కూడా ఆయనే చూస్తారు, పైకీ కిందకీ తిరుగుతూ రోజూ ఈ అద్దాల్లోంచి గిన్నెల్లో పొగలు చూస్తున్నాను, ఒక్కసారి మనమూ తిందాం పద అన్నారు. లోపల కాలు పెట్టామో లేదో చెవులు గింగురుమనేట్టు ఆ కేక. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయనేమో రెండు చేతులూ జోడించి, ఆ, వచ్చామండీ, వచ్చాం, నమస్కారం, అని వంటగదిలో ఉన్నవాళ్ళందరికీ వంతులవారీగా దణ్ణం పెట్టారు. లావుపాటి వంటాయన గరిట పట్టుకునే తిరిగి దణ్ణం పెట్టాడు. వెనకాల వచ్చినవాళ్ళు నవ్వారు. కేక వేసినవాళ్ళకి బదులు చెప్పకపోతే ఏం మర్యాద అంటారు ఆయన, ఇప్పటికీ. మేమిద్దరం దీన్ని అరుపుల హోటలనే అంటాం, అసలు పేరు నాకు నోరు తిరగదు. ఆ రోజు పక్క టేబులు దగ్గర ఇంకో పాప ఉంది, వీడంతే ఉంటుంది, ఆ కేకకి గుక్కపట్టి ఏడ్చింది, వాళ్ళమ్మ ఎత్తుకుని బయటికి పరిగెత్తింది. మనవాడు మాత్రం లాంతరు వంక చూస్తూ పడుకున్నాడు. చూశావా, మనవాడు ఎంత ధైర్యస్తుడో, రేపు లిఫ్టు తీగ తెగినా అదరడు, అన్నారు ఆయన. నేనూ మురిసిపోయాను. నిజంగా మురిసిపోయాను. ఆ పాప వాళ్ళమ్మ మీద జాలి కూడా పడ్డాను, పాపం పిరికిపిల్ల అని.

ఎప్పుడు మొదలైందో ఆ తర్వాత, చెప్పలేను. మిక్సీ వేస్తున్నాను అనుకుంటా. మిక్సీ ఆపాక ఇల్లంతా నిశ్శబ్దమైతే అప్పుడు అనిపించింది, వీడు నిద్రలోంచి లేవలేదు కదా అని. పక్కింట్లో గోడకి డ్రిల్లు వేశారు, నా పళ్ళు జివ్వుమన్నాయి, వీడు బొటనవేలు నోట్లో పెట్టుకుని కాలి వంక చూసుకుంటున్నాడు. ఏం కాదు, అలవాటైపోయింది, అనుకున్నాను. అప్పటినుంచీ కడుపులో ఒక రాయి కూర్చుంది. దానికి పేరు పెట్టలేదు. పేరుంది, అందరికీ తెలిసిన మాటే, మనుషులు ఒకర్నొకరు తిట్టుకోవడానికి కూడా వాడతారు, నేను మాత్రం మనసులో కూడా ఆ మాట అనలేదు, అది, అనుకుంటాను అంతే. వీడికి అది కాదు. అది ఐతే ఇలా నవ్వుతాడా. అది ఐతే నేను గదిలోకి రాగానే ఎలా తెలుస్తుంది. అత్తయ్యకి ఫోన్లో చెప్పాను, ఊరికే అన్నట్టు, నవ్వుతూ, పిలిస్తే పలకట్లేదు అత్తయ్యా మీ మనవడు అని. వాళ్ళ నాన్నా అంతేనే తల్లీ, చిన్నప్పుడు పిలిస్తే పలికేవాడు కాదు, ఇప్పుడు మాత్రం పలుకుతున్నాడా, మగపిల్లలకి చెవులుండేది కళ్ళజోడు పెట్టుకోవడానికే, అని ఆవిడ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసెయ్యడానికి చాలాసేపు పట్టింది.

కాలేజీ కుర్రాళ్ళు ముగ్గురు వచ్చారు. తలుపు తెరుచుకుంది. ఇరాషైమాసే. నేను చూస్తున్నాను, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను, గుండుగాడు చప్పున తలెత్తాడు. ప్రాణం లేచొచ్చింది. తలెత్తాడు కానీ వెనక్కి తిరగలేదు, నా మొహంలోకి చూశాడు, బుగ్గలు ముడిచి, ఏమైందమ్మా అన్నట్టు. ఏమైంది అంటే, అయింది నాకే. కేక వినగానే నా భుజాలు బిగుసుకున్నాయి, కళ్ళు పెద్దవయ్యాయి, అది చూసి వాడు చూశాడు. ఇంట్లోనూ ఇదే జరిగి ఉంటుంది ఇన్నాళ్ళూ. వెనకనించి చప్పట్లు కొడితే తిరిగాడని సంబరపడ్డానే, చప్పట్ల గాలి వాడి బోడితలకి తగిలి ఉంటుంది, వెంట్రుకలు కూడా లేవు కదా అడ్డం. గిన్నె మూత పడేస్తే అదిరాడనుకున్నానే, అప్పుడు ఎదురుగా నేనున్నాను కదా, నా మొహం చూసే అదిరుంటాడు. మొహాన్ని చెక్కలా పెట్టుకోవాలి. నాకది చాతకాదు. మా అమ్మ అనేది, దీని మొహం మీద రాసే ఉంటుంది అన్నీ, దీన్ని ఏ రహస్యానికీ పంపకండి అని.

టేబులు మీద పలకలాంటి స్క్రీను ఉంది, అందులో బొమ్మలు నొక్కితే తిండి వస్తుంది, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నాకు ఈ హోటల్లో నచ్చింది అదే. మామూలు హోటల్లో ఐతే సర్వరు వచ్చి నిలబడి గడగడా చదువుతాడు, సగం అర్థం కాదు, మొదట చెప్పింది ఏదైతే అదే ఇవ్వమంటాను. బళ్ళో కూడా అంతే, అర్థం కాకపోయినా తలూపేదాన్ని. నాన్న ఉద్యోగం వేరే చోటికి మారింది తొమ్మిదో తరగతి సగంలో, ఇప్పుడు చేర్చుకోరు, వచ్చే ఏడు చేర్పిద్దాం అన్నారు, ఆ వచ్చే ఏడు రానే లేదు. అందుకే ఎవరైనా పెద్ద పెద్ద మాటలు చెప్తుంటే తలూపేస్తాను. డాక్టరు చెప్తే తలూపుతాను, బ్యాంకులో చెప్తే తలూపుతాను. అర్థమైందా అంటే అయిందంటాను. బొమ్మ చూసి నొక్కాను, పెద్ద గిన్నెలో పులుసులాంటి దాంట్లో నూడుల్సూ, చికెన్ ముక్కలూ, సగానికి కోసిన గుడ్డూ. తినాలని కాదు. ఏదో ఒకటి నొక్కకపోతే కూర్చోనివ్వరు కదా. ఆ స్క్రీను మీద ఒక మూల ఎర్ర బొత్తాం ఉంది, మనిషి కావాలంటే అది నొక్కాలి. నేనెప్పుడూ నొక్కలేదు.

గిన్నె వచ్చింది. ఆవిరి వాడి మొహం దాకా వెళ్ళింది. వాడు నోరు తెరిచి ఆవిరి వంక చూశాడు, రెండు చేతులతో పట్టుకోబోయాడు, పిడికిలి విప్పి చూసుకున్నాడు, లేదు. మళ్ళీ పట్టుకున్నాడు. ఎంత చూపు వీడిది. గోడ మీద పాకే చీమని మంచం మీదనించి చూస్తాడు. నేను చీర మార్చుకుంటే కొంగు అంచు పట్టుకుని వేలితో రాస్తాడు, ఇది కొత్తది అన్నట్టు. ఇన్ని తెలిసినవాడికి చప్పుడొక్కటే తెలియకుండా ఎలా ఉంటుంది, ఉండదు, దేవుడు అంత, ఏమో, దేవుడు ఏమైనా చేస్తాడు. ముసలి దంపతులు వచ్చారు, ఆయన కర్ర, ఆవిడ సంచి. నేను గబుక్కున తల వంచి గిన్నెలోకి చూస్తూ, మొహం చెక్కలా పెట్టి, కళ్ళు మాత్రం పైకెత్తి చూశాను. ఇరాషైమాసే. వంటాయన గొంతు అందరికన్నా ఒక పాలు ఎక్కువ. వాడు చెంచా కొరుకుతున్నాడు. కొరుకుతూనే ఉన్నాడు. కనురెప్ప కూడా ఆడలేదు. పోనీ చెంచాలో మునిగిపోయాడు, పనిలో ఉంటే పెద్దవాళ్ళకే వినపడదు, ఆయన పేపరు చదువుతుంటే నేను ఎన్ని కేకలు వేస్తాను. చెంచా తీసేశాను. ఇప్పుడు ఏం లేదు నీ చేతిలో. ఇప్పుడు చూద్దాం.

మొన్న వచ్చినప్పుడు తిరిగాడు. నేను కల్లలాడట్లేదు, నిజంగా తిరిగాడు. మొన్న ఎవరిదో పుట్టినరోజు, ఇక్కడ మూల పెద్ద డోలు ఒకటుంది, పుట్టినరోజు వాళ్ళొస్తే దాన్ని బాదుతారు, బాదగానే గుండుగాడు ఉలిక్కిపడి అటు తిరిగాడు, మళ్ళీ బాదారు, కిలకిలా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది సంతోషంతో. గిన్నె మొత్తం తిన్నాను, పులుసు చుక్క మిగల్చలేదు, ఇంటికి పోయి ఆయనకి ఇష్టమైనవన్నీ వండాను, ఇవాళేంటి విశేషం అన్నారు, ఏం లేదు, వండబుద్ధైంది అన్నాను. తెల్లారి బట్టలుతికే మిషను చివర్లో గిర్రున తిరుగుతూ నేలంతా వణికిస్తుంటే, వాడు చాప మీద బోర్లా పడుకున్నవాడల్లా తలెత్తి అదే నవ్వు నవ్వాడు. అదే నవ్వు. నేను వంగి నేల మీద అరచెయ్యి పెట్టాను. నేల వణుకుతోంది. డోలు బాదినప్పుడు కూడా ఈ బల్ల వణికింది, నా గ్లాసులో నీళ్ళు వణికాయి, ఇప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి అలాగే పెట్టుకుని మిషను ఆగేదాకా కూర్చుండిపోయాను. ఆయనకి చెప్పలేదు. ముందు చెప్పనిదాన్ని వెనక్కి ఎలా తీసుకోను.

నాకు మాట్లాడ్డానికి ఎవరూ లేరు, అసలు సంగతి అది. ఆయన పొద్దున్న వెళ్తే సాయంత్రం, ఆ లిఫ్టు గుంటల్లో ఫోను తగలదు, మా అంతస్తులో తలుపులు అన్నీ మూసే ఉంటాయి, ఎదురింటావిడ కనిపిస్తే నవ్వుతుంది, ఆ నవ్వు అయిపోయేలోపు లిఫ్టు వచ్చేస్తుంది. అందుకని వీడు కడుపులో పడ్డప్పుడే మొదలుపెట్టాను. అన్నీ చెప్పేదాన్ని. ఇదిగో ఇప్పుడు బియ్యం కడుగుతున్నాను, ఇప్పుడు వాన వచ్చేట్టుంది, మీ నాన్న చొక్కా గుండీ ఊడింది, నాకు ఎనిమిదిలో లెక్కల్లో ఎన్నొచ్చాయో తెలుసా. వాడు తంతే, ఊ కొట్టాడు అనుకునేదాన్ని. పుట్టాక అసలు నోరు మూసిందే లేదు. మా అమ్మ చూడ్డానికొచ్చి, ఏమే, పిల్లాణ్ణి కాస్త ఊపిరి పీల్చుకోనివ్వవే, అంది. నేను ఎవరికీ చెప్పనివి వీడికి చెప్పాను. బడి మానేశాక ఆ ఏడాదంతా, బడి వదిలే వేళకి వీధి తలుపు వెనక నిలబడేదాన్నని చెప్పాను. ఆయనక్కూడా తెలీదది. అవన్నీ ఎక్కడికి పోయినట్టు. ఒకవేళ అది నిజమైతే, ఆ మాటలన్నీ, కడుపులోవీ, ఒళ్ళోవీ, పాలిస్తూ చెప్పినవీ, ఒక్కటి, ఒక్క ముక్క కూడా చేరకపోతే, నేను ఇన్నాళ్ళూ ఎవరితో ఉన్నట్టు ఆ ఇంట్లో.

ఇంకా ఘోరం ఏంటంటే, రాయి కూర్చున్న రోజునుంచీ నేను మాట్లాడ్డం మానేశాను. మాట్లాడుతున్నాను, కానీ అవి మాటలు కావు, అన్నీ పరీక్షలే. వెనక్కి వెళ్ళి పిలుస్తాను, చూస్తాను. తలుపు చాటునుంచి చిటిక వేస్తాను, చూస్తాను. గుండూ అంటాను, అని ఊపిరి బిగబట్టి చూస్తాను. ఇదిగో వాన అని చెప్పడం లేదు. పాలు పట్టేటప్పుడు కూడా చెవి దగ్గర వేళ్ళు రాపిడి చేసి చూస్తాను. వాడు పాలు వదిలేసి నా వంక చూస్తాడు, ఏంటో కొత్తగా ఉంది ఈవిడ అన్నట్టు. రోజంతా పరీక్ష పెట్టే మనిషితో ఎవరుంటారు. నాకు గుర్తుంది, మా సైన్సు టీచరు నడుస్తూ నడుస్తూ చటుక్కున వెనక్కి తిరిగి, నువ్వు, లే, అనేది. ఆవిడ క్లాసులో ఎవరం ఏమీ వినేవాళ్ళం కాదు, ఎప్పుడు లేపుతుందా అని ఆవిడ మొహమే చూసేవాళ్ళం.

తలుపు తెరుచుకుంది. ఒకావిడ, ఇద్దరు పిల్లలు. నేను మొహం సర్దుకున్నాను. ఏం లేదు. కేక రాలేదు. పిల్లలు పరిగెత్తుకుంటూ వెళ్ళి కూర్చున్నారు. మళ్ళీ తలుపు, ఆఫీసు మనిషి, మెళ్ళో గుర్తింపు కార్డు. చప్పుడు లేదు. వంటాయన గరిట ఆడుతోంది, అందరి నోళ్ళూ మూసే ఉన్నాయి. ఒక్క క్షణం నాకే పోయాయేమో అనిపించింది, నిజం, చెవి మీద అరచేత్తో కొట్టుకున్నాను, నా చెయ్యి చప్పుడు వినిపించింది, స్క్రీను మీద బొమ్మ కిణుక్కుమంది, అదీ వినిపించింది. మరి అరవరేం. ఇంకెవరో వచ్చారు. అప్పుడు చూశాను తలుపు దగ్గర. నల్ల తలగుడ్డావిడ వంటగది వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టి, రెండో చేత్తో మా గుండుగాణ్ణి చూపిస్తోంది. వాడు కుర్చీకున్న పళ్ళెం మీద తల ఆనించుకుని ఉన్నాడు, పడుకున్నాడనుకుంది ఆవిడ. పిల్లాడు పడుకున్నాడు, అరవకండర్రా. వంటాయన తలూపుతున్నాడు, గిన్నెలు కూడా మెల్లగా దించుతున్నాడు. నాకేసి చూసి ఆవిడ నవ్వింది, నేనున్నాను కదా అన్నట్టు. మంచిది తల్లీ. ఎంత మంచిది. నాకు ఒళ్ళు మండిపోయింది ఆ మంచితనానికి.

లేచి వెళ్ళిపోదామా అనుకున్నాను. వెళ్ళిపోతే తేలదు. తేలకపోతే రేపు కూడా ఉంటుంది, ఎల్లుండి కూడా, ఏమో కాదేమో అనుకుంటూ ఇంకో నెల గడిపెయ్యొచ్చు. ఆ గడిపెయ్యడం ఎంత హాయిగా కనిపించిందో ఆ ఒక్క నిమిషం. సంచీలో పాలసీసా పెట్టాను, రుమాలు పెట్టాను. వాడు పళ్ళెం మీంచి తలెత్తాడు, బుగ్గ మీద పళ్ళెం అంచు గుర్తు పడింది, నన్ను చూసి నవ్వాడు, పళ్ళు లేని నవ్వు. నా చెయ్యి సంచీలోంచి బయటికొచ్చి ఎర్ర బొత్తాం నొక్కింది. నేనే నొక్కాను, కానీ చెయ్యి నాకన్నా ముందు పోయింది.

ఆవిడ గబగబా వచ్చింది. "చెప్పండి మేడం. బాబు లేచాడా? అయ్యో, ఎవరైనా అరిచారా?"

"అది కాదక్కా. అరవమని చెప్పండి."

"అదేనండీ, చెప్పాను. ఎవరూ అరవరు ఇంక. మీరు నిదానంగా తినండి."

"కాదు. అరవమని. అందర్నీ. గట్టిగా."

ఆవిడ నా గిన్నె వంక చూసింది, ముట్టుకోలేదని. తర్వాత నా వంక. ఏమన్నా తేడా మనిషేమో అనుకుని ఉంటుంది.  ఈ మాట నేను అమ్మకి చెప్పలేదు, ఆయనకి చెప్పలేదు, అద్దంలో చెప్పుకోలేదు, మొట్టమొదట చెప్పబోయేది పేరు కూడా తెలియని మనిషికి, ఆవిడ చేతిలో తడిగుడ్డ ఉంది, ఎవరి టేబులో తుడుస్తూ మధ్యలో వచ్చింది. "వీడికి వినిపిస్తోందో లేదో చూడాలి," అన్నాను. "తలుపు తియ్యొద్దు. డోలు కొట్టొద్దు. ఊరికే, వెనకనించి, అరవాలి. మీ మాట ఉంది కదా, అదే."

తడిగుడ్డ చేతిలో అలాగే ఉంది.  అయ్యో అనలేదు, అందుకు ఆవిడ కాళ్ళు మొక్కొచ్చు. "వీపు ఇటే ఉంచండి," అని చెప్పి వెళ్ళింది. తలుపు పక్కనే ఉన్న వంటగది గట్టు దగ్గర వంగి ఏదో చెప్పింది. వంటాయన గరిట కింద పెట్టాడు, పొయ్యి తగ్గించాడు. గిన్నెలు కడిగే అమ్మాయి చేతులు తుడుచుకుని వచ్చింది. ఉల్లికాడలు తరిగే ఆయన, బిల్లు దగ్గర కూర్చునే ఆయన, అందరూ ఒక వరుసలో నిలబడ్డారు, ఫోటోకి నిలబడ్డట్టు, మా వాడి వీపు వంక చూస్తూ. ఆవిడ నా వంక చూసి తలూపింది. నేను గుండుగాడి వంక చూశాను. నవ్వకూడదు, ఏడవకూడదు, ఏమీ ఉండకూడదు మొహంలో. బియ్యం గురించి ఆలోచించాను. ఇంట్లో బియ్యం ఎన్ని ఉన్నాయి, డబ్బా సగం ఉంది, సగం కన్నా తక్కువ.

అలాంటి కేక నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. వచ్చినవాళ్ళకి వేసే కేక కాదది. వంటాయన మెడ నరాలు తేలాయి, ఆ గిన్నెల అమ్మాయి కళ్ళు మూసుకుని అరిచింది. నూడుల్స్ తింటున్న కాలేజీ కుర్రాడి నోట్లోంచి నూడుల్స్ జారిపోయాయి. ముసలాయన కర్ర కింద పడింది. ఆఫీసు మనిషి లేచి నిలబడ్డాడు. హోటలు హోటలంతా తల తిప్పింది. ఒక్కడు తప్ప. వాడు గిన్నె అంచున వేలాడుతున్న నీటిబొట్టు వంక చూస్తున్నాడు, ఎంతో శ్రద్ధగా, అది ఎప్పుడు పడుతుందా అని. అది పడింది. వాడు నా వంక చూసి, చూశావా పడింది, అన్నట్టు కాళ్ళు ఆడించాడు.

కేక అయిపోయాక వచ్చిన నిశ్శబ్దంలో పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆవిడ వచ్చింది. నా పక్కన వంగి, గొంతు తగ్గించి, "కొంచెం తల తిప్పాడు మేడం. ఇలా, చెవి దగ్గర, కొంచెం కదిలాడు. నేను చూశాను," అంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అవునండీ నేనూ చూశాను అని అనాలనిపించింది. తలూపడం నాకు అలవాటే కదా. జన్మంతా తలూపాను.

"లేదక్కా," అన్నాను. "తిప్పలేదు."

ఆవిడ నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, చెయ్యి తడిగా ఉందని ఏప్రానుకి తుడుచుకుని, అప్పుడు వేసింది. వంటాయన గట్టు మీంచి, "ఇంకోసారి అరవమంటారా అమ్మా? ఈసారి ఇంకా గట్టిగా అరుస్తాం," అన్నాడు, గొంతు బొంగురుపోయి. వద్దండీ, చాలు, అన్నాను. చాలు అంటే నిజంగానే చాలనిపించింది. రాయి అక్కడే ఉంది, పోలేదు, కానీ ఊగడం ఆగింది. ఇన్నాళ్ళూ ఎటు ఒరిగితే అటు గుద్దేది.

ఆయనకి ఫోను చేశాను, తగల్లేదు, గుంటలో ఉన్నారు. మళ్ళీ చేశాను. ఒక చోట పని అవగానే ఆయనే చేశారు. "ఏంటి, ఇన్నిసార్లు కొట్టావు, గుండుగాడికి జ్వరమా?"

"కాదు. వాడికి వినపడదండీ."

"ఏం వినపడదు? సిగ్నలు లేదు, గట్టిగా చెప్పు."

"వినపడదు. మనవాడికి. చెవులు." ముసలావిడ నా వంక చూస్తోంది, చూడనీ. "అరుపుల హోటల్లో ఉన్నాను. అందరూ కలిసి అరిచారు. తిరగలేదు."

అటునుంచి వినిపించింది ఒక్కటే. లిఫ్టు తలుపులు మూసుకోబోయి, దేనికో తగిలి, మళ్ళీ తెరుచుకుంటున్న చప్పుడు. మళ్ళీ మూసుకోబోయి, మళ్ళీ. ఆయన మధ్యలో నిలబడి ఉన్నారని తెలిసింది. నువ్వు ఊరికే భయపడతావు అంటారనుకున్నాను. డాక్టరువా నువ్వు అంటారనుకున్నాను. అన్నీ అనుకుని, వాటికి జవాబులు కూడా పెట్టుకున్నాను.

"తిన్నావా ఏమైనా?" అన్నారు.

"చల్లారిపోయింది."

"తిను. అక్కడే కూర్చో. వచ్చేస్తున్నాను. డాక్టరు దగ్గరికి ఇవాళే పోదాం." పెట్టేస్తారనుకుంటే పెట్టలేదు. "నువ్వొక్కదానివే ఎన్నాళ్ళనుంచి..." అని, అక్కడితో ఆగిపోయి, పెట్టేశారు.

పుల్లలతో తినడం నాకు రాదు, చెంచా తీసుకున్నాను. నూడుల్స్ చల్లారి ముద్దకట్టాయి, పులుసు మీద నెయ్యిలాంటి పొర తేలింది. ఆకలి వేస్తోందని నోట్లో పెట్టుకున్నాక తెలిసింది. గుండుగాడు రెండు చేతులూ చాపి తనకీ కావాలన్నాడు. బెల్టు తీసి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను, వాడి బోడితల నా గడ్డం కింద వెచ్చగా. తలుపు తెరుచుకుంది, ఎవరో వచ్చారు, వాళ్ళు ఈసారి ఎప్పట్లా అరిచారు, నేను వాడి వంక చూడలేదు. చూడాల్సిన పని లేదు. పరీక్షలయిపోయాయి. ఎన్నాళ్ళయిందో ఊరికే వాడి పక్కన కూర్చుని. వాణ్ణి నా వైపు తిప్పుకుని, ఒక నూడుల్ చెంచా మీద పొడుగ్గా ఎత్తి పట్టుకుని, "ఇది నూడుల్స్ రా," అన్నాను. "ఇలా సాగుతుంది. చల్లారిపోయింది, బాగాలేదు, అయినా మీ అమ్మ తింటోంది. నాన్న వస్తున్నాడు. ఆ లావుపాటాయన ఉన్నాడే, ఆయన గొంతు నీకోసం పోగొట్టుకున్నాడు." పక్క టేబులు ముసలావిడకి ఇందాకటి సంగతంతా తెలుసు, వినపడనివాడితో ఏం చెప్తోంది ఈ పిల్ల అన్నట్టు చూసింది, చూసి కళ్ళు తిప్పుకుంది. నేను ఆపలేదు. బయట ఎండ తగ్గుతోందని చెప్పాను. గుడ్డు పచ్చసొన ఇంకా మెత్తగా ఉందని చెప్పాను. వాడు నూడుల్ వంక చూడ్డం మానేసి నా నోటి వంకే చూస్తున్నాడు, ఎంతో శ్రద్ధగా, అందులోంచి ఏం పడుతుందా అన్నట్టు. చెయ్యి చాపి, నా కింది పెదవి పిడికిట్లో పట్టుకున్నాడు. గట్టి పట్టు. పెదవి వాడి చేతిలో ఉంటే మాట సరిగ్గా రాలేదు, ముద్దముద్దగా వచ్చింది, అయినా చెప్తూనే ఉన్నాను.